కోడ్ సందేహాలు: పెద్ద ఏ, చిన్న ఏ ఒకటేనని తేల్చడానికి ఎంత పని?

ఈసారి వచ్చిన ప్రశ్నల్లో చాలావరకు ఒకే విషయం చుట్టూ తిరిగాయి: క్యాపిటల్, స్మాల్ తేడా (దీన్నే కేస్ అంటారు) పట్టించుకోకుండా రెండు స్ట్రింగ్‌లను, అంటే అక్షరాల వరుసలను, పోల్చడం, అందులో వేగం. ఎక్కువమంది జావా గురించే అడిగారు కాబట్టి జవాబులు కూడా జావా కోర్ లైబ్రరీని పట్టుకునే నడుస్తాయి. క్యారెక్టర్ కోడ్‌లన్నీ దశాంశ సంఖ్యల్లోనే ఇచ్చాం.

ప్రశ్న: మా సర్వీసులో హెచ్‌టీటీపీ హెడర్ పేర్లు (వెబ్ రిక్వెస్టుతో పాటు వచ్చే వివరాల పేర్లు) పోల్చేటప్పుడు రెండు స్ట్రింగ్‌లనూ టు-లోయర్-కేస్ చేసి ఈక్వల్స్‌తో చూస్తున్నాం. రివ్యూలో, కేస్ పట్టించుకోకుండా పోల్చే ఈక్వల్స్-ఇగ్నోర్-కేస్‌కు మార్చమన్నారు. ఫలితం ఒకటే అయినప్పుడు మార్చి ఏం లాభం? (బ్యాకెండ్ ఇంజినీరు, హైదరాబాద్)

ఫలితం అన్నివేళలా ఒకటే కాదు. దాని సంగతి తర్వాత, ముందు ఖర్చు చూద్దాం.

'కంటెంట్-టైప్' అనే హెడర్ పేరు ఇంగ్లీషులో 12 క్యారెక్టర్లు. దాన్ని చిన్నక్షరాల్లోకి మారిస్తే కొత్త స్ట్రింగ్ ఆబ్జెక్టు ఒకటి, దాని వెనక కొత్త బైట్ అరే ఒకటి పుడతాయి. జావా ప్రోగ్రాములను నడిపే మామూలు 64 బిట్ హాట్‌స్పాట్‌లో ఆబ్జెక్టుకు 24 బైట్లు. అరేకు హెడర్ 16, అక్షరాలు 12, ఎనిమిది గుణిజానికి సరిచేస్తే 32. మొత్తం 56 బైట్లు. రెండు వైపులా పెద్దక్షరాలుంటే 112. ఒక్క పోలికకు ఇది చిన్న మొత్తమే కానీ, రిక్వెస్టుకు ఇరవై హెడర్లు, ఒక్కోదాన్నీ నాలుగైదు పేర్లతో పోల్చడం అనుకుంటే వాడని మెమరీని ఊడ్చే గార్బేజ్ కలెక్టర్‌కు ఊరికే పని పెట్టినట్టే. స్ట్రింగ్ ముందే మొత్తం చిన్నక్షరాల్లో ఉంటే మాత్రం లైబ్రరీ అదే ఆబ్జెక్టును తిరిగిస్తుంది, కాపీ ఉండదు.

ఈక్వల్స్-ఇగ్నోర్-కేస్ ఏదీ కేటాయించదు. ముందు రెండూ ఒకే రిఫరెన్సా అని చూస్తుంది, తర్వాత పొడవులు సమానమా అని. పొడవు కలవకపోతే అక్కడే ఆగిపోతుంది, ఒక్క అక్షరం కూడా చదవదు. హెడర్ల విషయంలో చాలా పోలికలు ఇక్కడే తేలిపోతాయి. మీ పాత పద్ధతిలో 'హోస్ట్'ను 'కంటెంట్-టైప్'తో పోల్చినా ముందు రెండింటినీ మార్చాకే పొడవు చూస్తున్నారు.

ఇక ఫలితం సంగతి. లొకేల్ (భాష, ప్రాంతం సెట్టింగు) ఇవ్వకుండా టు-లోయర్-కేస్ పిలిస్తే యంత్రం డిఫాల్ట్ లొకేల్ వర్తిస్తుంది. టర్కిష్ లొకేల్‌లో పెద్ద ఐ చుక్కలేని చిన్న ఐ (కోడ్ 305) అవుతుంది. అంటే ఒక వైపు పెద్ద ఐ, ఇంకో వైపు చిన్న ఐ ఉన్న హెడర్ పేర్లు ఆ సర్వర్‌లో కలవవు. మార్చక తప్పని చోట లొకేల్-రూట్ ఇచ్చి మార్చండి. ఈక్వల్స్-ఇగ్నోర్-కేస్ లొకేల్‌ను అసలు చూడదు.

ప్రశ్న: జేడీకే (జావా డెవలప్‌మెంట్ కిట్) 17 నుంచి 21కి మారాక, ఏ కోడ్‌కు ఎంత సమయం పోతోందో చూపే ప్రొఫైలర్‌లో రీజియన్-మ్యాచెస్ వాటా బాగా తగ్గింది. మా కోడ్‌లో ఏ మార్పూ లేదు. లోపల ఏం మార్చారు? (పెర్ఫార్మెన్స్ టెస్టింగ్, బెంగళూరు)

ఇది కొంచెం వివరంగా చెప్పాల్సిన విషయం. రీజియన్-మ్యాచెస్ అంటే ఈక్వల్స్-ఇగ్నోర్-కేస్ అక్షరాలను పోల్చడానికి లోపల పిలిచే మెథడ్.

2017లో వచ్చిన జేడీకే 9 నుంచి స్ట్రింగ్ లోపల బైట్ అరే ఉంటుంది. అన్ని క్యారెక్టర్లూ 0-255 మధ్య ఉంటే క్యారెక్టర్‌కు ఒక బైట్, దీన్ని లాటిన్-1 అంటారు. ఒక్క క్యారెక్టర్ ఆ హద్దు దాటినా మొత్తం స్ట్రింగ్ యూటీఎఫ్-16లోకి, అంటే క్యారెక్టర్‌కు రెండు బైట్లకు మారుతుంది. కేస్ పట్టించుకోని పోలిక కూడా ఈ రెండు రకాలకు విడివిడిగా రాసి ఉంటుంది. మీకు కనిపించిన మార్పు లాటిన్-1 దారిలో జరిగింది.

పాత లూప్ ఇలా ఉండేది. రెండు బైట్లూ సమానమైతే ముందుకు పో. కాకపోతే రెండింటినీ పెద్దక్షరాలు చేసి చూడు. అప్పటికీ కలవకపోతే వాటిని మళ్లీ చిన్నక్షరాలు చేసి చూడు. ఈ మూడో మెట్టు జార్జియన్ లిపి కోసం పెట్టింది. ఆ లిపిలో పెద్దక్షరాలకు మార్చడం మామూలు పద్ధతికి లొంగదని సోర్స్‌లోనే వ్యాఖ్య ఉంది. కానీ లాటిన్-1లో జార్జియన్ అక్షరం ఒక్కటీ లేదు! అయినా ఆ పరీక్ష అక్కడ కూడా నడిచేది, పోలిక విఫలమైన ప్రతిసారీ.

అంతకంటే పెద్ద ఖర్చు పెద్దక్షరం చేసే పద్ధతిలోనే ఉంది. ప్రతి క్యారెక్టర్‌కూ ఒక ప్రాపర్టీ టేబుల్ నుంచి 32 బిట్ల విలువ చదవాలి, అందులో 'దీనికి పెద్దక్షరం ఉంది' అనే బిట్ చూడాలి, తర్వాత ఎంత తీసివేయాలో షిఫ్ట్ చేసి బయటికి లాగాలి. మెమరీ నుంచి ఒక లోడ్, దాని ఫలితం మీద ఆధారపడే బ్రాంచ్, అదీ రెండు వైపులా.

కొత్త కోడ్ టేబుల్‌ను పక్కనపెట్టి బిట్లతో తేలుస్తుంది. పెద్ద ఏ 65, చిన్న ఏ 97. పెద్ద జెడ్ 90, చిన్న జెడ్ 122. తేడా ఎప్పుడూ 32, అంటే ఒకే ఒక బిట్. 223తో యాండ్ చేస్తే (రెండింటిలోనూ 1 ఉన్న బిట్లే మిగులుతాయి) ఆ బిట్ చెరిగిపోయి పెద్దక్షరం మిగులుతుంది. లాటిన్-1 పైభాగంలోనూ ఇదే అమరిక: యాక్సెంట్ గుర్తుల్లాంటివి ఉన్న పెద్దక్షరాలు 192 నుంచి 222 వరకు, వాటి చిన్నక్షరాలు సరిగ్గా 32 ఎక్కువలో 224 నుంచి 254 వరకు.

మెట్లు ఇవి. బైట్లు సమానమైతే సరే. కాకపోతే మొదటి బైట్‌ను 223తో యాండ్ చేయి. వచ్చింది 65 కంటే తక్కువైతే అది అక్షరం కాదు, కాబట్టి తేడా నిజమైన తేడా. 65-90 మధ్య ఉన్నా, 192-222 మధ్య ఉండి 215 కాకపోయినా అది అక్షరమే. అప్పుడు రెండో బైట్‌నూ 223తో యాండ్ చేసి రెండూ ఒకటేనా అని చూడు. రెండో బైట్ అక్షరమా కాదా అని విడిగా పరీక్షించనక్కర్లేదు. యాండ్ చేశాక ఒకటే అయితే అది కూడా అదే జంటలోది.

ఆ 215 దగ్గర కాసేపు ఆగాలి. అది గుణకార గుర్తు. దానికి 32 కలిపితే 247, భాగహార గుర్తు. అక్షరాల వరుస మధ్యలో ఈ రెండూ దూరి కూర్చున్నాయి. మినహాయించకపోతే గుణకారం, భాగహారం ఒకటేనని కోడ్ తీర్పు చెబుతుంది. జర్మన్ ఎస్‌జెట్ 223, రెండు చుక్కల చిన్న వై 255. వీటి తేడా కూడా 32, కానీ ఇవి జంట కాదు. ఆ వై పెద్దక్షరం 376 దగ్గర, లాటిన్-1 బయట ఉంది. హద్దు 222 దగ్గర ఆపింది ఇందుకే. మైక్రో గుర్తు 181, దాని పెద్దక్షరం గ్రీకు మ్యూ, 924. అదీ బయటిదే, కాబట్టి లాటిన్-1 లోపల దానికి జంట లేదు.

ఇలాంటి కోడ్ మీరు రాస్తే పరీక్ష చాలా తేలిక. 256 × 256, మొత్తం 65,536 జంటలు. ప్రతి జంటకూ పాత నిర్వచనం, కొత్త కోడ్ ఒకే జవాబిస్తున్నాయా అని లూప్ తిప్పండి. నమూనా పరీక్షలు ఇక్కడ అనవసరం, అన్నింటినీ చూడగలిగినప్పుడు అన్నింటినీ చూడడమే మేలు.

ప్రశ్న: అయితే రెండు బైట్లకూ 32ను ఆర్ చేసి (అంటే ఆ 32 బిట్‌ను రెండింటిలోనూ వెలిగించి) పోల్చేస్తే సరిపోతుంది కదా? ఒకే లైను. (ఇంజినీరింగ్ విద్యార్థిని, వరంగల్)

సరిపోదు. @ కోడ్ 64, వెనక్కి వాలిన ` కోడ్ 96. [ కోడ్ 91, { కోడ్ 123. మీ లైను ప్రకారం ఇవన్నీ జంటలే. ఇంకా ప్రమాదం: హైఫన్ 45, క్యారేజ్ రిటర్న్ 13. హెడర్ పేరులో హైఫన్ ఉండాల్సిన చోట లైన్ చివరి గుర్తు వచ్చినా మీ కోడ్ అవునంటుంది.

కానీ ఈ లైను ఎప్పుడూ తప్పు అని కాదు. ఒక వైపు అక్షరం ముందే తెలిసిన అక్షరమైతే ఇది పూర్తిగా సరైనదే. 32 ఆర్ చేస్తే చిన్న ఎమ్ వచ్చే బైట్లు రెండే: పెద్ద ఎమ్, చిన్న ఎమ్. జావా జిప్ ఫైల్ కోడ్‌లో 'మెటా-ఇన్ఫ్' ఫోల్డర్‌ను గుర్తించేది ఇలాగే, ఒక్కో అక్షరానికి ఒక ఆర్. అక్కడ కూడా మధ్యలోని హైఫన్‌ను మాత్రం ఆర్ లేకుండా నేరుగా పోలుస్తారు, గమనించండి.

ఇంకో చోట కూడా పనికొస్తుంది: హాష్ (వేగంగా వెతకడానికి స్ట్రింగ్ నుంచి తీసే సంఖ్య) లెక్కలో. ఆస్కీ (0-127 కోడ్‌ల క్యారెక్టర్లు మాత్రమే ఉన్న) పేర్లకు కేస్ పట్టించుకోని హాష్ కావాలంటే ప్రతి బైట్‌కూ 32 ఆర్ చేసి కలుపుకుంటూ పోవచ్చు. @, ` రెండింటికీ ఒకే హాష్ వచ్చినా నష్టం లేదు, ఒకే బకెట్‌లో పడతాయి, తర్వాత ఈక్వల్స్ విడదీస్తుంది. హాష్ మోటుగా ఉండొచ్చు, ఈక్వల్స్ ఉండకూడదు.

ప్రశ్న: నెట్‌వర్క్ బఫర్ నుంచి వచ్చే బైట్లను స్ట్రింగ్ చేయకుండానే పోల్చాలి. ఒక్కో బైట్ కాకుండా ఎనిమిదేసి పోల్చవచ్చని విన్నాను. మెట్లు చెప్పగలరా? (డల్లాస్)

చెప్పగలం. ఇది ఆస్కీ అక్షరాల కేస్‌ను మాత్రమే పట్టించుకోని పోలిక, ప్రోటోకాల్ పేర్లకు కావలసింది కూడా అదే. ప్రతి బైట్‌లో 1 ఉండే లాంగ్ విలువ 72340172838076673. దీన్ని 32తో గుణిస్తే ప్రతి బైట్‌లో 32 వస్తుంది. 31, 5, 127, 128లకు కూడా ఇలాగే ముందే స్థిరాంకాలు చేసి పెట్టుకోండి. 128 దగ్గర గుణకారం లాంగ్ హద్దు దాటి ఋణ సంఖ్య అవుతుంది. కంగారు పడకండి, బిట్లు సరిగ్గానే ఉంటాయి.

మొదటి వైపు ఎనిమిది బైట్లు క, రెండో వైపువి ఖ అనుకోండి. రెండింటినీ ఎక్స్-ఆర్ చేస్తే (తేడా ఉన్న బిట్లే 1 అవుతాయి) వచ్చేది గ. గ సున్నా అయితే ఎనిమిదీ సమానం, తర్వాతి ఎనిమిదికి వెళ్లండి. గలో 32 కాకుండా వేరే ఏ బిట్ ఉన్నా పోలిక విఫలం, అక్కడే ఆపండి. ఇక మిగిలింది 32 బిట్ తేడా ఉన్న బైట్లు నిజంగా అక్షరాలేనా అన్నది.

దానికి కకు ప్రతి బైట్‌లో 32 ఆర్ చేసి, 127తో యాండ్ చేయండి. దీన్ని చ అందాం. చకు ప్రతి బైట్‌లో 31 కలిపితే 97, అంతకంటే ఎక్కువ ఉన్న బైట్లలో 128 బిట్ వెలుగుతుంది, ఎందుకంటే 97 + 31 = 128. విడిగా చకు 5 కలిపితే 123, ఆపైన ఉన్నవాటిలో వెలుగుతుంది. మొదటిదాంట్లో వెలిగి రెండోదాంట్లో వెలగనివే ఏ నుంచి జెడ్ వరకు ఉన్న అక్షరాలు. కలో అసలే 128 బిట్ ఉన్న బైట్లను ఈ జాబితాలోంచి తీసేయండి. ఇప్పుడు గను రెండు బిట్లు ఎడమకు జరిపితే 32 ఉన్న చోట 128 వస్తుంది. అలా వెలిగిన ప్రతి బైట్ అక్షరాల జాబితాలో ఉంటే సమానం, ఒక్కటి లేకపోయినా కాదు.

చలో ఏ బైట్ విలువా 127 దాటదు. 127 + 31 = 158, అంటే కూడికలో పక్క బైట్‌లోకి ఏదీ పొంగదు. ఆ 127 యాండ్ మర్చిపోతే పొంగుతుంది, పక్క అక్షరం పాడవుతుంది, అదీ ఎప్పుడో ఒకసారి వచ్చే డేటాకు మాత్రమే. ఈ పద్ధతిలో ఎక్కువగా దొర్లే పొరపాటు ఇదే.

జావాలో ఎనిమిది బైట్లు ఒకేసారి చదవడానికి మెథడ్-హ్యాండిల్స్‌లోని బైట్-అరే-వ్యూ వార్-హ్యాండిల్ వాడండి. మామూలు గెట్‌కు అలైన్‌మెంట్ (ఎనిమిది గుణిజం దగ్గరే చదవడం మొదలుపెట్టాలన్న నియమం) అవసరం లేదు. తోకలో ఏడు, అంతకంటే తక్కువ బైట్లు మిగిలితే, మొత్తం పొడవు ఎనిమిది దాటినప్పుడు చివరి ఎనిమిదినే మళ్లీ చదవండి. కొన్ని బైట్లు రెండుసార్లు పోలుతాయి, ఏమీ కాదు. మొత్తం పొడవే ఎనిమిదిలోపు ఉంటే ఈ హంగామా దండగ, మామూలు లూపే నయం.

ఒక హెచ్చరిక: బఫర్‌లో ఉన్నది యూటీఎఫ్-8 అయితే పై జవాబులోని 192-222 లాటిన్-1 నియమాన్ని దాని మీద వాడకండి. యూటీఎఫ్-8లో ఆ బైట్లు పూర్తి అక్షరాలు కావు, అక్షరాల ముక్కలు.

ప్రశ్న: ఈక్వల్స్-ఇగ్నోర్-కేస్‌తో భద్రతా సమస్య వస్తుందని ఆడిట్‌లో రాశారు. ఎలా? (విశాఖపట్నం)

కెల్విన్ గుర్తుతో. కోడ్ 8490 దగ్గర ఉష్ణోగ్రత కొలత కెల్విన్‌కు ప్రత్యేకంగా ఒక గుర్తు ఉంది, చూడ్డానికి అచ్చం పెద్ద కే. దాని చిన్నక్షరం మామూలు చిన్న కే. కాబట్టి 'కీప్-అలైవ్'లో మొదటి అక్షరం బదులు కెల్విన్ గుర్తు పెట్టినా జావా సమానమే అంటుంది. పాత ఇంగ్లీషు అచ్చులో వాడిన పొడవాటి ఎస్ (383) కూడా అంతే, దాని పెద్దక్షరం మామూలు ఎస్. చుక్కలేని చిన్న ఐ (305), చుక్కున్న పెద్ద ఐ (304) రెండూ మామూలు ఐతో సమానమవుతాయి. ఒక పొర వీటిని సమానం అని, వెనకున్న పొర కాదని అంటే వాటి మధ్య సందు దొరుకుతుంది. ఆడిట్ వాళ్లు చెప్పింది బహుశా దీని గురించే.

వేగానికి కూడా ఇందులో ఒక చిక్కుంది. మామూలు ఈక్వల్స్‌లో ఒకటి లాటిన్-1, ఇంకోటి యూటీఎఫ్-16 అయితే వెంటనే కాదు అనేయవచ్చు. ఇక్కడ అలా కుదరదు. చిన్న కే లాటిన్-1, కెల్విన్ గుర్తు యూటీఎఫ్-16, అయినా సమానం. అందుకే లైబ్రరీలో ఈ కలగాపులగం జంటకు విడిగా లూప్ ఉంది, అది టేబుల్ దారినే నడుస్తుంది.

హెడర్లు, డొమైన్ పేర్లు, కమాండ్లు లాంటివి ఆస్కీ మాత్రమే అని నియమం ఉన్న చోట ఆస్కీ పోలికే వాడండి. జావా స్ట్రింగ్‌లో అందుకు నేరుగా మెథడ్ లేదు. గువావా లైబ్రరీలోని ఆస్కీ క్లాస్‌లో ఉంది, లేదా పైన చెప్పిన మెట్లతో పది లైన్లలో రాసుకోవచ్చు.

ప్రశ్న: మా డేటాలో ఊళ్ల పేర్లు తెలుగులో ఉన్నాయి. వాటిని కూడా ఈక్వల్స్-ఇగ్నోర్-కేస్‌తోనే పోలుస్తున్నాం. నష్టమా? (రాజమండ్రి)

నష్టం కొంచెమే, కానీ లాభం అసలే లేదు. తెలుగులో పెద్దక్షరం, చిన్నక్షరం లేవు. 'సికింద్రాబాద్' 13 క్యారెక్టర్లు, యూటీఎఫ్-16లో 26 బైట్లు. మామూలు ఈక్వల్స్‌ను హాట్‌స్పాట్ ప్రాసెసర్ వెక్టర్ ఇన్‌స్ట్రక్షన్లతో గుంపులు గుంపులుగా పోలుస్తుంది. ఇగ్నోర్-కేస్ ఒక్కో క్యారెక్టర్‌గా నడుస్తుంది, తేడా వచ్చిన చోట పనికిరాని టేబుల్ వెతుకులాట చేస్తుంది.

మీరు పట్టించుకోవాల్సిన తేడాలు వేరే ఉన్నాయి. 'హైదరాబాద్'లోని ఐత్వాన్ని ఒకే కోడ్‌గా (3144) రాయవచ్చు, ఎత్వం (3142), ఐత్వపు కింది గుర్తు (3158) అని రెండుగానూ రాయవచ్చు. తెర మీద ఒకేలా కనిపిస్తాయి, పోలికలో వేరవుతాయి. జావా నార్మలైజర్‌తో ఎన్‌ఎఫ్‌సీ (విడి గుర్తులను కలిపి ఒకే కోడ్‌గా రాసే రూపం) చేస్తే రెండూ ఒకటవుతాయి.

రెండోది ఇంకా ఎక్కువగా తగులుతుంది: 'సాఫ్ట్‌వేర్' లాంటి మాటల్లో పొల్లు తర్వాత వచ్చే కనిపించని జీరో-విడ్త్-నాన్-జాయినర్ (8204). కొన్ని కీబోర్డులు పెడతాయి, కొన్ని పెట్టవు. ఎన్‌ఎఫ్‌సీ దాన్ని ముట్టుకోదు. వెతకడానికి విడిగా ఒక కీ తయారుచేసుకుని అందులోంచి మాత్రం 8204నూ, దాని పక్కనే ఉన్న జీరో-విడ్త్-జాయినర్ (8205)నూ తీసేయండి. అసలు పేరులో ఉంచండి, తీస్తే వత్తులు మారిపోయి చదవడానికి వికారంగా ఉంటుంది. ఆ కీని డేటా ఎక్కించేటప్పుడే ఒకసారి చేసిపెట్టి, తర్వాత మామూలు ఈక్వల్స్‌తో పోల్చండి.

ప్రశ్న: జావా కోడ్ వేగాన్ని కొలిచే జేఎంహెచ్‌తో కొలిస్తే 8 అక్షరాలకూ 1024 అక్షరాలకూ ఒకే సమయం వచ్చింది. కొలతలో తప్పా, నిజమేనా? (చెన్నై)

కొలతలోనే తప్పు. రెండు వైపులా ఒకే లిటరల్ (కోడ్‌లోనే కొటేషన్లలో రాసిన స్ట్రింగ్) ఇచ్చి ఉంటారు. లిటరల్స్ ఒకే ఆబ్జెక్టును పంచుకుంటాయి, రిఫరెన్స్ పోలికతోనే పని అయిపోతుంది, లూప్‌లోకి వెళ్లనే వెళ్లదు. లేదా పొడవులు వేరుగా ఇచ్చి ఉంటారు, అప్పుడూ అంతే.

రెండో వైపుకు కొత్త స్ట్రింగ్ ఆబ్జెక్టు చేయండి. స్ట్రింగ్‌లను స్టాటిక్ ఫైనల్‌గా కాకుండా స్టేట్ క్లాస్‌లో మామూలు ఫీల్డులుగా పెట్టండి, లేకపోతే జిట్ కంపైలర్ జవాబును ముందే లెక్కకట్టేసే వీలుంది. ఫలితాన్ని రిటర్న్ చేయండి. కనీసం నాలుగు రకాల డేటా కావాలి: పూర్తిగా ఒకటే, కేస్ మాత్రమే వేరు, మొదటి అక్షరంలో తేడా, చివరి అక్షరంలో తేడా. ఒక్కోదాన్నీ లాటిన్-1, యూటీఎఫ్-16, మిశ్రమంగా చూడండి. ఫోర్క్‌లు (కొత్త ప్రాసెస్‌లో మొదటి నుంచి కొలవడం) ఒకటి కంటే ఎక్కువ పెట్టండి. జీసీ ప్రొఫైలర్ తగిలిస్తే ఒక్కో పోలికకు ఎన్ని బైట్లు కేటాయిస్తున్నారో కూడా వస్తుంది. టు-లోయర్-కేస్ పద్ధతి అసలు ఖర్చు ఆ వరుసలోనే బయటపడుతుంది.

ప్రశ్న: ఫైల్ పేర్ల జాబితాను డేటాబేస్ క్రమంలో తెచ్చుకుని జావాలో కంపేర్-టు-ఇగ్నోర్-కేస్‌తో బైనరీ సెర్చ్ చేస్తే ఉన్న పేరు కూడా లేదంటోంది. (గుంటూరు)

పేర్లలో అండర్‌స్కోర్ ఉందేమో చూడండి. దాని కోడ్ 95. పెద్ద జెడ్ (90) తర్వాత, చిన్న ఏ (97) ముందు వస్తుంది. ఆ సందులో మొత్తం ఆరు గుర్తులున్నాయి. జావా చివరికి చిన్నక్షరాల్లోకి మార్చి తేడా తీస్తుంది కాబట్టి అండర్‌స్కోర్ అక్షరాల కంటే ముందు. పెద్దక్షరాల్లోకి మార్చి వరుసపెట్టే వ్యవస్థలో అదే అక్షరాల తర్వాత. క్రమం ఒకచోట, వెతుకులాట ఇంకోచోట అయితే ఇదే జరుగుతుంది. జాబితా తెచ్చాక జావాలోనే మళ్లీ సార్ట్ చేయండి.

సమానత్వం మాత్రమే కావలసిన చోట కంపేర్-టు-ఇగ్నోర్-కేస్ సున్నానా అని చూడకండి. దానికి పొడవుతో తేల్చే దారి లేదు.

ప్రశ్న: గో, రస్ట్, పైథాన్‌లలో పరిస్థితి ఏమిటి? (హైదరాబాద్)

గోలో ఈక్వల్-ఫోల్డ్‌కు ఆస్కీ కోసం వేగమైన దారి ఉంది, ఆస్కీ కానిది తగిలితేనే యూనికోడ్ నియమాల్లోకి వెళుతుంది. కెల్విన్ గుర్తును కేతో సమానం చేస్తుంది కానీ చుక్కలేని ఐని ఐతో చేయదు. అంటే జావాతో అన్ని చోట్లా ఏకీభవించదు, రెండు భాషల సర్వీసులు ఒకే కీ వాడుతుంటే గుర్తుంచుకోండి. రస్ట్‌లో ఈక్యూ-ఇగ్నోర్-ఆస్కీ-కేస్ ఉంది, చేసేది పేరులోనే చెబుతుంది. పైథాన్‌లో 3.3 నుంచి కేస్-ఫోల్డ్ ఉంది, అది కొత్త స్ట్రింగ్ ఇస్తుంది, జర్మన్ ఎస్‌జెట్‌ను రెండు ఎస్‌లు చేస్తుంది. జావా ఈక్వల్స్-ఇగ్నోర్-కేస్ పొడవు దగ్గరే ఆగిపోతుంది కాబట్టి ఎస్‌జెట్‌కూ రెండు ఎస్‌లకూ అక్కడ ఎన్నటికీ కుదరదు.